విశ్వకర్మ పూజ మర్నాడు, తొమ్మిదో లైనులో

1984 ఫిబ్రవరిలో నన్ను ఖరగ్‌పూర్‌లో ఒక గూడ్స్ యార్డుకు అసిస్టెంట్ యార్డ్ మాస్టర్‌గా వేశారు. ఆ యార్డు సంగతి చెప్పబోయే ముందు ఒక నేరం ఒప్పుకోవాలి. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం నాకు చేతకాదు. దోమ కుడితే కాకి పొడిచిందంటాను. నేను నోరు విప్పితే చాలు, మా ఆవిడ వచ్చినవాళ్ళకు కాఫీతో పాటు ఒక హెచ్చరిక కూడా అందిస్తుంది: "ఈయన పది అంటే నాలుగనుకోండి." పాఠకులూ ఆ లెక్కనే పాటించవచ్చు. రైల్వే పద్ధతుల గురించి, హోదాల గురించి మాత్రం పెంచి చెప్పను. పెంచడానికి అవి చోటివ్వవు.

మొన్న కంటి పరీక్షలో తప్పాను. కుర్చీ ఉద్యోగం ఇస్తామన్నారు. వద్దని ముందుగానే రిటైరయ్యాను. అప్పటినుంచి కాలేజీ పిల్లలు కొందరు యార్డు పని ఎలా ఉండేదని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను వచ్చేనాటికి ఖరగ్‌పూర్ గురించి విన్నది ప్లాట్‌ఫారం పొడవు ఒక్కటే. ఈ చివర కొన్న చాయ్ ఆ చివరికి మోసుకెళ్ళేసరికి పెరుగవుతుందని చెప్పారు. నడిచి చూశాను. పెరుగు కాలేదు గానీ మీగడ మాత్రం కట్టింది. వేసవి ఇంకా ఘనం. ఏప్రిల్‌లో పట్టాల మీద దోసె పోస్తే తిరగెయ్యక్కర్లేకుండా రెండు వైపులా కాలేది.

యార్డులో నా పని హంప్ మీద. హంప్ అంటే మట్టి పోసి కట్టిన చిన్న గుట్ట. దాని మీదుగా ఒక లైను పైకెక్కి, అవతల దిగుతూ చెట్టు కొమ్మల్లాగా పదహారు లైన్లుగా చీలిపోతుంది. బయటినుంచి వచ్చిన గూడ్సు బండిలో ఒక డబ్బా టాటాకి, ఒకటి విశాఖకి, ఒకటి హౌరాకి ఉంటుంది. ఇంజను ఆ బండిని వెనకనుంచి నెమ్మదిగా గుట్ట మీదికి తోస్తుంది. శిఖరం మీద ఒక మనిషి డబ్బాలను కలిపి ఉంచే కప్లింగ్ విప్పుతాడు. విడిపోయిన డబ్బాను మా భాషలో కట్ అంటారు. అక్కడినుంచి దాన్ని ఇంజను తోయదు, మనిషి తోయడు. భూమి లాక్కుంటుంది. కిందనున్న క్యాబిన్ వాడు పాయింట్లు మార్చి దాన్ని దాని లైనులోకి పంపుతాడు. రైల్వేలో బొగ్గూ డీజిలూ కరెంటూ అడగకుండా పనిచేసేది భూమ్యాకర్షణ ఒక్కటే. దానికి యూనియన్ కూడా లేదు.

చిక్కేమిటంటే దానికి ఆపడం తెలియదు. గుట్ట దిగిన డబ్బా తన లైనులో ముందే నిలబడి ఉన్న డబ్బాల దగ్గరికి మెల్లగా చేరి, పలకరించినట్టు తాకి ఆగాలి. ఆ ఆపే పని స్కిడ్‌ది. స్కిడ్ అంటే ఇనుప చెప్పు. ముందు సన్నటి నాలుక, కింద చదునైన అడుగు, వెనక పిడి. వస్తున్న డబ్బా ముందు దాన్ని పట్టా మీద పెడతారు. చక్రం నాలుక మీదికెక్కి దొర్లడం మానేస్తుంది. అక్కడినుంచి చెప్పూ చక్రమూ కలిసి పట్టా మీద ఈడ్చుకుంటూ పోతాయి. ఇనుము ఇనుమును గీరే ఆ ఘర్షణే డబ్బాను ఆపుతుంది. చెప్పు ఎక్కడ పెట్టాలో, ఎంత దూరంలో పెట్టాలో నిర్ణయించేవాడు స్కిడ్ పోర్టర్. హోదాలో యార్డుకు అట్టడుగు. వాడి లెక్క తప్పితే పైనున్నవాళ్ళందరి లెక్కా తప్పుతుంది.

మా షిఫ్టులో పెద్ద స్కిడ్ పోర్టర్ సన్యాసయ్య. విజయనగరం వైపు మనిషి. తండ్రి వర్క్‌షాపులో పనికి వచ్చి పూరీ గేట్ దగ్గర స్థిరపడ్డాడు. కొడుకు యార్డులో చేరాడు. సన్నగా, మాడిన కొబ్బరాకులా ఉండేవాడు. భుజాన తువ్వాలు, నోట్లో చుట్ట. ఆ చుట్ట వెలిగి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. నేను చేరేనాటికి ఆయనకు ముప్పై రెండేళ్ళ సర్వీసు.

నాకేమో బీఎస్సీ ఫిజిక్స్. మొదటి వారంలోనే గుట్ట కింద నిలబడి ఆయనకు పాఠం మొదలుపెట్టాను. డబ్బా ఖాళీదైనా నిండుదైనా భూమి లాగే తీరు ఒక్కటే, రెండూ ఒకేలా దిగాలి అన్నాను. ఆయన చుట్ట ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చాడు.

"దిగాల. మరి దిగవేటి బాబూ?"

అప్పుడే ఒక ఖాళీ డబ్బా దిగుతోంది. దానివైపు చూడకుండా, చెవి అటు పెట్టి చెప్పాడు. "ఇది మొద్దు. ఇరుసు పట్టీసింది. ఎదురుగాలొకటి. మద్దిలోనే కూకుంటాది సూడండి." సగం దూరంలోనే ఆగిపోయింది. వెనకాల నిండుదొకటి వచ్చింది. "ఇది గుర్రం. నూన బాగ తాగినాది. ఇరవై అడుగులు ఎనక్కెయ్యాల సెప్పు." ఇరవై అడుగులు వెనక్కి జరిగి చెప్పు వేశాడు. గుర్రం నిలబడి ఉన్న డబ్బాను ముద్దుపెట్టుకుని ఆగింది.

మా మాన్యువల్‌లో వీటికి గుడ్ రన్నర్, బ్యాడ్ రన్నర్ అని పేర్లున్నాయి. గాలి, ఇరుసు ఘర్షణ, చలికాలంలో గడ్డకట్టే గ్రీజు, అన్నీ లెక్కలోకి వస్తాయని అందులో రాసి ఉంది. ఆ లెక్క కట్టడానికి నాకు పెన్సిలూ, కాగితమూ, ఒక పూటా కావాలి. ఆయనకు చక్రం చప్పుడు చాలు. సగం మైలు దూరంలో చక్రం దగ్గితే ఏ కార్ఖానాలో పుట్టిందో చెప్పేవాడు.

ఆయనకొక్కటే గర్వం. "ముప్పైరెండేళ్ళలో నా సేతిలోంచి ఒక్క డబ్బా తప్పిపోనేదు బాబూ. ఇంక నాలుగేళ్ళుంది. అలగే దిగిపోతే సాలు." యార్డులో ఏ ఇద్దరు కూర్చున్నా ఈ మాట ఒకసారి వినిపించేది. కుర్ర పోర్టర్లు వెనకనుంచి అనుకరించేవారు. వాళ్ళలో ఎవడికైనా గుర్రం ఎదురైతే మాత్రం "మావా, నువ్వెయ్యి" అంటూ ఆయన వెనకే దాక్కునేవాడు.

ఇక 1986 సెప్టెంబరు. విశ్వకర్మ పూజ. ఖరగ్‌పూర్‌లో పనిముట్టు పట్టినవాడికి ఇంతకన్నా పెద్ద పండుగ లేదు. ఆ రోజు పనిముట్టుకు సెలవు. కడిగి, బొట్టుపెట్టి, దేవుడి ముందు పెడతారు. ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ మట్టిబొమ్మ వస్తుంది. ఢాకీ అని డోలు వాయించేవాడు వస్తాడు. మర్నాడు సాయంత్రం బొమ్మను నిమజ్జనం చేస్తారు. మా యార్డు పందిరి ఏటా తొమ్మిదో లైను చివర, డెడ్ ఎండ్ వెనక వేసేవారు. డెడ్ ఎండ్ అంటే లైను అయిపోయే చోట స్లీపర్ దుంగలు పాతి మట్టి పోసిన అడ్డుగోడ. ఊరేగింపుకు రోడ్డు దగ్గరని పూజ కమిటీ కార్యదర్శి నిత్యా దా, బెంగాలీలో దా అంటే అన్న, ఆ చోటు ఎంచాడు. నిత్యా దా హంప్ క్యాబిన్‌లో పాయింట్లు మార్చేవాడు. ఆయన చందా అడిగితే ఇంజను కూడా ఇస్తుంది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు బాగా అలంకరించిన సెక్షన్‌కు షీల్డు ఇస్తానన్నాడు. ఆ షీల్డు బీరువా తలుపంత ఉందని నేను ఊరంతా చెప్పాను. నిజానికి పళ్ళెమంత. పళ్ళెమైనా సరే, అది నా టేబులు మీద ఉండాలని నాకు పట్టుదల పుట్టింది. వర్క్‌షాపు వాళ్ళ దగ్గర మెరిసే లేతు మెషీన్లున్నాయి. లోకో షెడ్డులో ఇంజన్లే ఉన్నాయి. మా దగ్గర ఏముంది? ముప్పైరెండు తుప్పు పట్టిన చెప్పులు. వాటినే ఎమరీ కాగితంతో అద్దంలా రుద్దించి, ఆవనూనె పట్టించి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇంజను ఆకారం కట్టిద్దామని నేనే ఆలోచించాను. నేనే ఆర్డరు వేశాను. ఆ రెండు వాక్యాలను పాఠకులు పదినుంచి నాలుగుకు తగ్గించనక్కర్లేదు.

సన్యాసయ్య వచ్చి టేబులు పక్కన నిలబడ్డాడు.

"బాబూ, మేం ఏటా పిడికి పసుపు రాసి బొట్టెడతాం. అడుగు ముట్టుకోం. అడుగు గరుగ్గా ఉండాల."

"ఒక్కరోజుకే కదా సన్యాసయ్యా."

"రుద్దీసింది మల్లీ ఎలగొస్తాది? నూనొకటి."

ఫిజిక్స్ నన్ను ఊరుకోనివ్వలేదు. "డబ్బా బరువు ఇరవై టన్నులు. అంత బరువు కింద నూనె బొట్టు నిలుస్తుందా? పిండేసినట్టు బయటికొచ్చేస్తుంది."

"బరువుకి నూన పారిపోదు బాబూ. దాక్కుంటాది."

పక్కనున్న నిత్యా దా నవ్వి, ఠాకూర్ కా తేల్ హై, కుఛ్ హోబే నా అన్నాడు. దేవుడి నూనె, ఏమీ కాదని. దేవుడి పేరు వచ్చాక సన్యాసయ్య వెళ్ళి చెప్పులు ముందేసుకున్నాడు. ఆయన మంచి భక్తుడు. రెండు రోజులు కూర్చుని ముప్పైరెండు చెప్పులనూ ఆయనే రుద్దాడు. ఎంత బాగా రుద్దాడంటే వాటిలో ముఖం చూసుకుని నేను క్షవరం చేసుకున్నాను. షీల్డు మాకే వచ్చింది.

మర్నాడు ఉదయం ఆరింటి డ్యూటీ. పూజ రోజు పని ఆగినందువల్ల బయట మూడు బండ్లు వచ్చి నిలిచి ఉన్నాయి. కంట్రోల్ ఫోను మోగుతూనే ఉంది. కంట్రోల్ అంటే బండ్లన్నిటినీ నడిపించే గది. అక్కడ కూర్చునే మనిషి మనకు కనబడడు. తిట్టు మాత్రం కనబడినంత స్పష్టంగా చేరుతుంది.

కుర్ర పోర్టర్లు చెప్పులను కాటన్ వేస్ట్‌తో తుడిచారు. చేత్తో తాకితే పొడిగానే ఉన్నాయి. సన్యాసయ్య ఒకటి తీసుకుని అడుగు మీద బొటనవేలు నెమ్మదిగా జరిపాడు. వేలు జారింది.

"అరగంట ఒగ్గేయండి బాబూ. సోడా నీళ్ళతోటి కడిగీసి ఇటికి మీద రుద్దుకొచ్చేస్తాం."

"ముప్పైరెండూ అరగంటలో అవుతాయా?"

"అవ్వవు. గంటవుతాది."

అరగంట అడిగినవాడు నిజం చెప్పాడు. అదే నాకు సాకయింది. గంట ఆపితే కంట్రోల్‌కు కారణం రాసివ్వాలి. ఏమని రాయను? షీల్డు కోసం బ్రేకులకు నూనె రాయించాననా? తుడిచారుగా, చాలు, పని మొదలుపెట్టండి అన్నాను.

షిఫ్టు మొదట్లో స్కిడ్ రిజిస్టర్ రాయాలి. స్కిడ్‌లు పనికి తగి ఉన్నాయని నేను రాసి సంతకం చేస్తాను. కింద పెద్ద స్కిడ్ పోర్టర్ సంతకం. అభ్యంతరం ఉంటే రాయడానికి పక్కన ఒక గడి ఉంటుంది. సన్యాసయ్యకు తన పేరు తప్ప వేరే రాత రాదు. ఆ నాలుగు అక్షరాలను ఒక్కొక్కదాన్నీ డబ్బాలా విడివిడిగా దించుతాడు. ఆ రోజు పెన్ను పట్టుకుని పక్కనున్న ఖాళీ గడి వైపు చూశాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకునే వేలితో సంతకం చోటు చూపించాను. సంతకం చేశాడు.

మొదటి కట్ తొమ్మిదో లైనుకు. ఖాళీ డబ్బా, మొద్దు. చెప్పెక్కి, మామూలుగా ఆగాల్సిన చోటికి కాస్త అవతల ఆగింది. సన్యాసయ్య కిందనుంచి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు, ఆపమని. నేను గుట్ట మీదనుంచి విజిల్ వేసి చేత్తోనే జవాబిచ్చాను, ఆగింది కదా అని. ఇప్పుడు లెక్క చెబుతాను. ఘర్షణ మూడో వంతుకు పడిపోతే ఆగే దూరం మూడింతలవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. రెండూ కలిస్తే పన్నెండింతలు. మొద్దు మెల్లగా వచ్చింది కనుక మూడింతలతో తప్పించుకుంది. ఈ లెక్క కట్టడానికి నాకు పెన్సిలు కూడా అక్కర్లేదు. ఆ ఉదయం మాత్రం కట్టలేదు.

రెండో కట్ కూడా ఆ లైనుకే, సిమెంటు నిండిన డబ్బా. గుర్రం. సన్యాసయ్య మామూలు కన్నా చాలా వెనక్కి, దాదాపు పాయింట్ల దగ్గర చెప్పు వేశాడు. చక్రం ఠంగుమని ఎక్కింది. తర్వాత రావాల్సింది కీచుమనే శబ్దం. పళ్ళు జివ్వుమనిపించే ఆ శబ్దాన్ని యార్డులో అందరం తిట్టుకునేవాళ్ళం. ఆ రోజు రాలేదు. డబ్బా ఐసు మీద పీటలా నిశ్శబ్దంగా జారిపోయింది.

ఆయన పరుగెత్తాడు. ఇంకో చెప్పు కోసం వెళ్ళలేదు, అదీ అద్దమే కదా. క్యాబిన్ గోడకున్న నిప్పు బకెట్లు, మంటలార్పే ఇసుకవి, రెండూ లాక్కుని డబ్బాతో పోటీగా పరుగెత్తి, దానికన్నా ముందు పట్టా మీద ఇసుక పోసుకుంటూ పోయాడు. యాభై ఆరేళ్ళ మనిషి. ఆ పరుగులో ఆయన హౌరా మెయిలును దాటాడని నేను చాలాసార్లు చెప్పాను. మెయిలును కాదు గానీ గుర్రాన్ని దాటాడు. "ఢాకీ దాదా, భాగో! లెగు, లెగు!" అని అరుస్తూనే ఉన్నాడు. అప్పుడు తట్టింది నాకు, డోలు వాయించేవాడు పందిట్లోనే పడుకుంటాడని.

ఇసుక మీద చక్రం కీచుమంది. డబ్బా వేగం సగానికి సగం తగ్గింది. అయినా నిలబడి ఉన్న డబ్బాలను గుద్దింది. అవి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చివరిది డెడ్ ఎండ్ స్లీపర్లను విరిచి, మట్టి ఎక్కి, పందిట్లోకి ముక్కు పెట్టి ఆగింది. ఢాకీ అప్పటికి డోలుతో సహా బయటపడ్డాడు. విశ్వకర్మ ఏనుగు తొండం విరిగింది. నేను దాన్ని మొదటినుంచీ ఏనుగే ఎగిరి ప్రేమ్ బజార్‌లో పడినట్టు చెబుతూ వచ్చాను. జనం నవ్వేవారు. వాళ్ళు నవ్వుతుంటే మిగతా కథ అడగరు.

ముగ్గురు ఇన్‌స్పెక్టర్లతో విచారణ కమిటీ వేశారు. యార్డులో ఇలాంటి విచారణ ఎలా ఉంటుందంటే, ఒక బల్ల, ఒక రిజిస్టరు, రాతపూర్వక వాంగ్మూలాలు. నోటిమాటకు విలువ లేదు. వాళ్ళు నన్నడిగింది ఒక్కటే: పని మొదలయ్యేముందు స్కిడ్‌ల గురించి ఎవరైనా అభ్యంతరం చెప్పారా?

నేను రాసిన జవాబు నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. "స్కిడ్ రిజిస్టర్‌లో ఎలాంటి అభ్యంతరమూ నమోదు కాలేదు." అంతే. అబద్ధం కాదు. గడి ఖాళీగానే ఉంది. దోమను కాకి చేసేవాణ్ణి, నా జీవితంలో ఇసుమంతైనా పెంచకుండా రాసిన వాక్యం అదొక్కటే.

సన్యాసయ్యను పిలిచారు. నేను గది బయట బెంచీ మీద ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. స్కిడ్‌లకు నూనె ఉన్న సంగతి నీకు తెలుసా అని హిందీలో అడిగారు.

"మాలూం థా సాబ్."

"నూనె ఎవరు రాశారు?"

"హమ్ లగాయా. నా సేత్తోనే రాసినాను."

"ఎవరు రాయమన్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు వినబడలేదు. మళ్ళీ అడిగారు. మళ్ళీ వినబడలేదు. మూడోసారి అడగలేదు. తలుపులోంచి చూస్తే ఆయన తువ్వాలు భుజం మీదనుంచి తీసి, మడతపెట్టి, మళ్ళీ భుజాన వేసుకుంటున్నాడు. నేను లేచి గదిలోకి రెండడుగులు వేస్తే చాలు. రాయమన్నది నేను, ఆపమంటే ఆపనిది నేను అని రెండు మాటలు. బెంచీకీ నాకూ మధ్య ఆ రోజు ఎంత ఘర్షణ ఉందో ఏ సూత్రంతోనూ లెక్క కట్టలేను. లేవలేదు.

తీర్పులో బాధ్యత పెద్ద స్కిడ్ పోర్టర్‌ది అన్నారు. నన్ను ఇకపై జాగ్రత్తగా ఉండమన్నారు. ఆయన మీద రెండు ఆరోపణలు. ఒకటి, స్కిడ్‌లను పరీక్షించకపోవడం. రెండోది, అనుమతి లేకుండా నిప్పు బకెట్లను వాటి స్థానంనుంచి తొలగించడం. రెండోది నా అతిశయోక్తి కాదు, కాగితం మీద అలాగే ఉంది. ఆయన్ను స్కిడ్ పనినుంచి తప్పించి లాంప్ రూమ్‌లో వేశారు. చేతిదీపాలు తుడిచి, నూనె పోసి, వత్తులు సరిచేసే గది అది. రిటైరవ్వడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. అది పూర్తయ్యేదాకా ఆయన మళ్ళీ స్కిడ్ ముట్టుకోలేదు. కుర్ర పోర్టర్లు ఆయన గర్వాన్ని అనుకరించడం మానేశారు. నాకు రెండేళ్ళలో ప్రమోషన్ వచ్చింది.

తీర్పు వచ్చిన తర్వాతి ఆదివారం పొద్దున సైకిలు మీద పూరీ గేట్ వెళ్ళాను. సన్యాసయ్య అరుగు మీద కూర్చుని నులకమంచం బిగిస్తున్నాడు. భార్య ఎర్నమ్మ నాకు పీట వేసి, గ్లాసు నిండా చాయ్ ఇచ్చింది. తప్పు నాది సన్యాసయ్యా, కమిటీకి రాసిస్తాను అన్నాను. ఆయన నులక లాగుతూనే అన్నాడు: "ఒగ్గేయండి బాబూ. మీ పేరు సెప్తే నాకేటొస్తాది? మీకింకా ముప్పయ్యేళ్ళ నౌకరీ ఉంది. సెప్పు ఏసింది నా సెయ్యే కదా. చాయ్ సల్లారిపోద్ది, తాగీండి." తాగి వచ్చాను. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళందరూ ఆయన ఎంత పెద్దమనసు గలవాడో అన్నారు.

ఆ తర్వాత నేను పనిచేసిన మూడు యార్డుల్లోనూ రెండు పద్ధతులు పెట్టాను. పండుగైనా పర్వమైనా స్కిడ్ అడుగుకు నూనె తగలకూడదు. తగిలితే తుడవడం చాలదు, సోడాతో కడిగి, ఇటుక మీద రుద్ది, ఒక ఖాళీ డబ్బాతో దూరం కొలిచి చూశాకే నిండుది వదలాలి. కంటికి కనిపించే నూనె కన్నా కనిపించని పొర ఎక్కువ జారుతుంది. రెండోది, పోర్టర్ నోటితో చెప్పిన అభ్యంతరాన్ని రాయడం వచ్చినవాడే గడిలో రాయాలి. రాయకుండా సంతకం తీసుకోకూడదు. ఈ రెండూ మాన్యువల్‌లో వేరే మాటల్లో అంతకుముందే ఉన్నాయి. నేను నేర్చుకున్నది కొత్తదేమీ కాదు.

ఇందులో కల్పించింది ఏదో కూడా చెప్పాలి. షీల్డు నిజం, తొండం నిజం, నిప్పు బకెట్ల ఆరోపణ నిజం. కల్పించింది ఆ ఆదివారం. నేను పూరీ గేట్ వెళ్ళలేదు. ఎర్నమ్మ చాయ్ ఇవ్వలేదు. ఆయన భార్య పేరు ఎర్నమ్మో కాదో కూడా నాకు తెలియదు. నా పేరు ఆయన ఎందుకు చెప్పలేదో తెలియదు. ఆయన్ను అడగలేదు గనుక ఆ మాటలు నేనే ఆయన నోట్లో పెట్టాను, నాకు కావలసినట్టు. లాంప్ రూమ్ మా ఆఫీసుకు నలభై గజాల దూరం. సాయంత్రం డ్యూటీ ఉన్నప్పుడు చేతిదీపం నేనే వెళ్ళి సంతకం చేసి తీసుకోవాలని రూలు. ఆ ఏడాదిన్నరా వేరేవాళ్ళను పంపి తెప్పించుకున్నాను.